బొండకొయ్య ముందు సాబ్రా

మా డెలవేర్ వాళ్ళకు మొదటితనం అంటే మహా మోజు. కొత్త దేశం రాసుకున్న రాజ్యాంగం మీద అన్ని రాష్ట్రాలకంటే ముందు సంతకం పెట్టింది మేమేనని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతాం. దుంగ మీద దుంగ పేర్చి ఇల్లు కట్టడం ఈ గడ్డకు నేర్పింది మా నది ఒడ్డున దిగిన స్వీడన్ వాళ్ళేనంటాం. కేప్ హెన్లోపెన్ ఇసుకదిబ్బ మీది దీపస్తంభాన్ని చూపించి, ఇంగ్లండు రాజు కాలం నాటిదని మీసం మెలేస్తాం. మనుషుల్ని రాష్ట్రం దాటించి అమ్మకూడదని చాలామందికంటే ముందే చట్టం చేసుకున్నామని ఇంకో గొప్ప. దక్షిణాది పత్తిచేలకేమో మనుషులు కావాలి. ఇక్కడినుంచి కొని తీసుకుపోయే దారి మూసుకుపోయేసరికి, దొంగిలించి తీసుకుపోయేవాళ్ళు పుట్టుకొచ్చారు. ఆ సంగతి మాత్రం ఎవరూ రాతి మీద చెక్కించలేదు.

సాబ్రా నట్టర్ పేరు కూడా ఏ రాతి మీదా లేదు. ససెక్స్ కౌంటీలో మా ముసలివాళ్ళు మాత్రం ఆమెదీ ఒక మొదటితనమే అంటారు. ఒక నల్ల ఆడమనిషి చెప్పిన సాక్ష్యం మీద తెల్లవాడి చెవుల్ని జార్జ్‌టౌన్ కోర్టు ముందరి, మెడా చేతులూ బిగించే బొండకొయ్యకు మేకులతో దిగ్గొట్టడం ఆమెతోనే మొదలైందట. ఆమె బతికుండగా ఎవరైనా ఆ మాట ఎత్తితే, "మొదటిదో ఆఖరిదో నాకెందుకురా? వచ్చిన పని చూసుకుని పొండి" అని కసిరేది.

సాబ్రా పుట్టింది నాంటికోక్ నది పక్కన, ఒక మెథడిస్టు క్రైస్తవ దొర వంటింట్లో. ఆ దొరకు చచ్చేముందు స్వర్గం బెంగ పట్టుకుంది. తన బానిసలందరికీ ఇరవై అయిదేళ్ళు నిండగానే విడుదల అని వీలునామా రాశాడు. వెంటనే వదిలేస్తే చేలు ఎవరు దున్నుతారని కాబోలు, పుణ్యానికి కూడా వాయిదా పెట్టాడు. ఇరవై అయిదు నిండిన రోజు పొద్దున్న, ఉడుకుతున్న మొక్కజొన్న గంజిని పొయ్యి మీదే వదిలేసి, విడుదల కాగితం రవికలో దోపుకుని సాబ్రా నడిచి వచ్చేసింది. గంజి మాడిన వాసన రోడ్డు దాకా వెంట వచ్చిందనీ, అంత కమ్మటి వాసన మళ్ళీ ఎరగననీ చెప్పేది.

ఆమె కట్టుకున్న లెవిన్ పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్న నల్లవాడు. సైప్రస్ చెట్ల చిత్తడి అడవిలో పని అతనిది. ఎన్నో వందల ఏళ్ళ కిందట గాలివానలకు కూలి, బురదలో కూరుకుపోయిన దేవదారు మాన్లు అక్కడ కుప్పలుగా ఉంటాయి. లెవిన్ పొడవాటి ఇనప చువ్వతో బురదలో పొడుచుకుంటూ వెతికేవాడు. మాను తగిలితే చిన్న పేడు పైకి లాగి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. వాసన ఘాటుగా ఉంటే మాను గట్టిది, లేకపోతే పుచ్చు. అతని ముక్కు ఎప్పుడూ తప్పలేదు. తవ్వి తీసిన మానును ఇంటికప్పు పలకలుగా చీల్చడం సాబ్రా పని. మూరెడు పొడవు ఇనప కత్తి, దానికి నిలువుగా కర్రపిడి. కత్తిని మాను మీద ఆనించి పైన కొయ్య సుత్తితో కొడితే పలక విడివడేది. పదకొండేళ్ళు అలా కలిసి పనిచేశారు. పిల్లలు పుట్టలేదు. పొద్దున లేస్తే ఒకరినొకరు వెక్కిరించుకోవడమే వాళ్ళ ప్రార్థన.

"నీ ముక్కు లేకపోతే నిన్నెవడు చేసుకునేవాడయ్యా?" అనేది ఆమె.

"ముక్కుంది కాబట్టే నీ వంట వాసనకి చిత్తళ్ళోకి పారిపోతున్నా" అనేవాడు అతను.

పలకలు కొని లారెల్ ఊళ్ళో అమ్ముకునే తెల్లవాడు ఒకడుండేవాడు. పేరు థియోఫిలస్ వింగేట్, అందరికీ థియో. మెత్తటి మనిషి. ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగడు, ఎవరి కోసమూ చెయ్యి అడ్డుపెట్టీ ఎరగడు. బండి తోలుకుని వచ్చినప్పుడల్లా సాబ్రా కాల్చిన చిలగడదుంప, ఉప్పు పంది కొవ్వు తిని, వేళ్ళు నాకి, "మా ఆవిడకి చెప్పకు సాబ్రా, నీ చేతి తిండే బావుంటుంది" అని వెళ్ళేవాడు.

అది అక్టోబరు నెల, మిట్టమధ్యాహ్నం. థియో పందుల దొడ్డి దగ్గర దుంగ మీద కూర్చుని చిలగడదుంప తింటున్నాడు. అప్పుడు ఇంకో బండి వచ్చింది. అందులో ఇద్దరు తెల్లవాళ్ళు. ఒకడు కేలబ్ మెసిక్. రాష్ట్రం సరిహద్దు మీద ఇల్లు కట్టుకున్నాడు. ఇటు షెరీఫ్ వస్తే అటు గదిలోకి, అటువాడు వస్తే ఇటు గదిలోకి పోతాడని చెప్పుకునేవాళ్ళు. రెండోవాడెవడో సాబ్రా ఎప్పుడూ చూడలేదు.

"ఒరే లెవిన్, బ్రాడ్ క్రీక్‌లో పడవ ఆగి ఉంది. పలకలు ఎక్కించాలి. రా, రోజు కూలిస్తా" అన్నాడు మెసిక్.

"పలకలు బండికెక్కిస్తానయ్యా. పడవ దాకా రాను."

"ఏం, పడవంటే భయమా?"

"పడవంటే లేదయ్యా. పడవ తోలేవాళ్ళంటే ఉంది."

మెసిక్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే, వెనకనుంచి రెండోవాడు పిస్తోలు మడమతో లెవిన్ చెవి మీద కొట్టాడు. లెవిన్ మోకాళ్ళ మీద కూలాడు. మళ్ళీ కొట్టాడు. లెవిన్ పడుతూనే వాడి కాలు పట్టుకుని లాగి, తొడ కరిచి పట్టాడు. వాడు పంది గొంతు కోస్తున్నట్టు అరిచాడు. మెసిక్ బూటుకాలితో లెవిన్ పొట్టలో తన్నాడు, వదిలేదాకా తన్నుతూనే ఉన్నాడు. నోట్లోంచి రక్తం వచ్చాక లెవిన్ పట్టు సడలింది. చేతులు వెనక్కి విరిచి తాడు బిగించి, బండిలోకి ఈడ్చారు.

సాబ్రా అప్పటికి పలక చీల్చే కత్తితో వాళ్ళ మీద పడింది. మెసిక్ ఎడంచెయ్యి బండి అంచు మీద ఉంది. రెండు చేతులా కత్తి ఎత్తి దాని మీద దించింది. రెండు వేళ్ళు గడ్డిలో పడ్డాయి. మెసిక్ ఒక్క క్షణం తన చేతిని తనే గుర్తుపట్టనట్టు చూశాడు. తరవాత బండికి గుచ్చిన గుంజ పెరికి, ఆమె మొహం మీద అడ్డంగా కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. కింద పడ్డాక భుజం మీద, పక్కటెముకల మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టాడు.

"దీన్నీ ఎక్కించు" అన్నాడు రెండోవాడు కుంటుతూ.

"పళ్ళు రాలిన సరుకు ఎవడు కొంటాడు? పోనీ, ఇక్కడే చావనీ" అన్నాడు మెసిక్, చేతికి చొక్కా చుట్టుకుంటూ.

అలా మట్టిలో చెంప ఆనించి పడి ఉన్నప్పుడే ఆమెకు పందుల దొడ్డి వెనక రెండు బూట్లు కనిపించాయి. మడమలు పైకి ఉన్నాయి. థియో వింగేట్ బురదలో బోర్లా పడుకుని, టోపీతో తల కప్పుకుని ఉన్నాడు. బండి కదిలింది. "సాబ్రా! ఇంట్లోకి పో! సాబ్రా!" అని లెవిన్ అరుస్తూ పోయాడు. ఆమె లేచి, వేలాడుతున్న దవడను ఒక చేత్తో పట్టుకుని బండి వెనక పరిగెత్తింది. బ్రాడ్ క్రీక్ వంతెన దాకా పోయి, అక్కడ పడిపోయింది.

ఆమెను బండిలో వేసుకుని ఇంటికి తెచ్చింది థియోనే. మొహం కడిగింది, గుడ్డతో దవడ కట్టింది కూడా అతనే. ఆరువారాలు ఆమె నోరు తెరవలేదు. రాలిన పళ్ళ సందులోంచి గంజి పోసేవాడు. పోస్తూ, "మనుషుల్ని పిలుచుకొద్దామనుకున్నా సాబ్రా, దేవుడి తోడు" అని ఏడ్చేవాడు. ఆమె కళ్ళు మూసుకునేది. వాడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు.

మెసిక్ చలికాలమంతా సరిహద్దు అవతల ఉండి, ఏప్రిల్లో లారెల్ తిరునాళ్ళకు వచ్చాడు. సారాయి దుకాణంలో, తన వేళ్ళను ఒక ఎలుగుబంటి తిన్నదని కథ చెబుతూ దొరికిపోయాడు. షెరీఫ్ మనుషులు నలుగురు మీద పడితే వాడు ఒకడి కన్ను పోగొట్టాడు. చివరికి కుర్చీ నెత్తిన విరగ్గొట్టి కట్టుకుపోయారు. సాబ్రా ఫిర్యాదు మీద మనిషిని దొంగిలించిన నేరం రాశారు. విచారణ అక్టోబరులో.

సాబ్రాకు కావలసింది ఒక్కటే. లెవిన్ ఎక్కడున్నాడు? ఆ సంగతి తెలిసినవాడు ఈ భూమ్మీద మెసిక్ ఒక్కడే. రెండోవాడు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. మెసిక్ బయటపడితే సరిహద్దు దాటి పోతాడు, ఇక దొరకడు. వాడు శిక్షపడి తన ముందు నిలబడితేనే అడగగలదు. జైలు తలుపు దగ్గరికి రెండుసార్లు వెళితే కాపలావాడు కర్రతో తోసేశాడు.

జార్జ్‌టౌన్‌లో కోర్టు ఎదురుగా ఉన్న పూటకూటింట్లో వంట చేసే జిల్పా పెద్దమ్మ ఆమెకు దూరపు చుట్టం. ఆమె ఆ పూటకూటి యజమానికి బానిస. ఇరవై ఏళ్ళుగా వకీళ్ళకు బాతు కూర వడ్డిస్తూ చట్టమంతా చెవిన వేసుకున్న మనిషి.

"నీకు విడుదల కాగితముంది కాబట్టి సాక్ష్యం చెప్పొచ్చు. నాకైతే అదీ లేదు" అంది జిల్పా. "కానీ ఒక మెలికుందమ్మాయ్. నేరం జరిగినచోట, చేసినవాళ్ళు కాక, వేరే తెల్లవాడెవడూ లేకపోతేనే మన మాట పనికొస్తుంది. ఒక్క తెల్లవాడు ఉన్నాడా, ఇంక వాడే చెప్పాలి, నువ్వు నోరు కుట్టుకోవాలి. మీ ఇంటి దగ్గర ఎవరన్నా ఉన్నారా?"

సాబ్రా పొయ్యిలోకి ఒక కట్టె ఎగదోసింది.

"లేరు" అంది.

"లేకపోతే మంచిదే. ఉంటే మాత్రం, వాడు నోరెత్తాడంటే నీ వీపు చిట్లుతుంది. అబద్ధపు సాక్ష్యానికీ ఆ బొండకొయ్యే."

సాబ్రా అటునుంచి అటే థియో ఇంటికి నడిచింది. అతను పెరట్లో కోళ్ళకు గింజలు వేస్తున్నాడు.

"థియో దొరా, నీకొక పని చెప్తా, చేస్తావా?"

"నీకోసం ఏదైనా చేస్తాను సాబ్రా."

"ఏమీ చెయ్యొద్దు. ఆ రోజు ఎలా ఉన్నావో అలాగే ఉండు. కోర్టు వైపు రాకు. అక్కడున్నావని ఎవరికీ చెప్పకు. ఇన్నాళ్ళూ నీకు బాగా చేతనైన పనే అది."

థియో మొహం ఎర్రబడింది. అయినా బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. "మాటిస్తున్నా" అన్నాడు. పిరికివాడిని పిరికివాడిగానే ఉండమని బతిమాలుకోవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మాట ఆగస్టు దాకా నిలిచింది. ఆగస్టులో అడవిలో మెథడిస్టు గుడారాల సభలు పెడతారు. వారం రోజులు పాటలు, బోధలు, ఏడుపులు. తెల్లవాళ్ళు వేదిక ముందు, నల్లవాళ్ళు వేదిక వెనక. నాలుగోరోజు థియో వింగేట్ గడ్డిలో పడి దొర్లాడు. లేచి, గుండెలు బాదుకుంటూ సాక్ష్యమిచ్చాడు. వేదిక వెనకనుంచి సాబ్రా ప్రతిమాటా విన్నది. తాను ఆ రోజు అక్కడే ఉన్నాననీ, మెసిక్ తన రొమ్ముకు పిస్తోలు గురిపెట్టాడనీ, అయినా కన్నార్పకుండా అంతా చూశాననీ, ఇన్నాళ్ళూ దాచిన పాపాన్ని కోర్టులో జడ్జి ముందు కడుక్కుంటాననీ చెప్పాడు. జనం గొల్లుమన్నారు. బోధకుడు కౌగిలించుకున్నాడు. థియోకు జీవితంలో మొదటిసారి నలుగురూ చేతులు పట్టుకుని ఊపారు.

సభ విడిచాక సాబ్రా అతన్ని బండి చాటుకు లాగింది. "నీకేమన్నా మతిపోయిందా? నువ్వు నోరు తెరిస్తే నా నోరు మూస్తారు! కోర్టు వైపు రావద్దని చెప్పానా లేదా నీకు?"

"దేవుడికి మాటిచ్చాను సాబ్రా."

"ముందు నాకిచ్చావు."

"నీకంటే దేవుడు పెద్ద కదా" అన్నాడు థియో, కళ్ళనిండా నీళ్ళతో, నిజంగా మంచి చేస్తున్నాననే నమ్మకంతో. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఈ మనిషి తన కాలు కడుక్కోవడానికి ఆమె కుండలో నీళ్ళే తీసుకున్నాడు.

కోర్టు రోజున జార్జ్‌టౌన్ చౌకు నిండిపోయింది. బొండకొయ్య పలకలకు కొత్త సున్నం వేశారు. మెసిక్ తరపున డోవర్ నుంచి వచ్చిన వకీలు, సాబ్రా ప్రమాణం చేయకముందే లేచాడు.

"ఒక్క ప్రశ్న. ఆ సమయంలో అక్కడ తెల్లవాళ్ళెవరైనా ఉన్నారా?"

సాబ్రా నోరు తెరిచింది. లేరు అనే మాట నాలిక మీద ఉంది.

"నేనున్నాను!" అని వెనకనుంచి థియో వింగేట్ లేచి నిలబడ్డాడు. "నేనున్నానయ్యా, అంతా చూశాను!"

వకీలు చిరునవ్వుతో కూర్చున్నాడు. జడ్జి చేత్తో సైగ చేశాడు. సాబ్రాను బోను దించి, నల్లవాళ్ళు నిలబడే గోడ దగ్గరికి పంపారు. మెసిక్ ఆమె వైపు చూసి, మూడు వేళ్ళ చేతిని ఊపాడు.

థియో ప్రమాణం చేశాడు. వకీలు మెల్లగా మొదలుపెట్టాడు. మెసిక్ ఏ చేతి వేళ్ళు తెగాయి? కుడిచేతివి, అన్నాడు థియో. మెసిక్ ఎడంచెయ్యి ఎత్తి చూపించాడు, జనం నవ్వారు. ఈమెను దేనితో కొట్టాడు? పిస్తోలుతో. ఈమె దవడ చూసిన వైద్యుడు కర్ర దెబ్బ అన్నాడే? లెవిన్‌ను బండి ముందునుంచి ఎక్కించారా, వెనకనుంచా? థియో మొదట ముందునుంచి అన్నాడు, వెంటనే కాదు, వెనకనుంచి అన్నాడు. అసలు ఆ వచ్చినవాడు మెసిక్ అని ఎలా తెలుసు? థియో మెసిక్ కళ్ళలోకి చూశాడు. ఆ తరవాత తలెత్తలేదు.

గోడ దగ్గర సాబ్రా లెక్క వేసుకుంది. ఇంకో రెండు ప్రశ్నలైతే మెసిక్ బయటికి నడుచుకుంటూ పోతాడు, వాడితోపాటు లెవిన్ జాడ కూడా పోతుంది. అక్కడ నోరెత్తకూడదని తెలుసు. అయినా ఎత్తింది.

"థియో! నీకు దణ్ణం పెడతా, నిజం చెప్పు! నువ్వు చూడలేదు! నీ బూట్లు చూశాను నేను!"

బంట్రోతు చేతికర్రతో ఆమె మెడ మీద కొట్టాడు. ఆమె గోడకు గుద్దుకుంది. రెండో దెబ్బ పాత దవడ మీద పడింది, నోట్లో రక్తం ఊరింది. ఆమె రక్తాన్ని నేల మీద ఉమ్మి, మళ్ళీ, "నిజం చెప్పు థియో" అంది. మూడోసారి కొట్టబోతుంటే సర్కారు వకీలు చెయ్యెత్తి ఆపాడు.

అతను ముసలివాడు. నెమ్మదిగా సాక్షి దగ్గరికి వచ్చాడు. "వింగేట్, లెవిన్‌ను కొడుతున్నప్పుడు నువ్వు నిలబడి ఉన్నావా?"

ముందు వరుసలో బోధకుడున్నాడు, థియో భార్య ఉంది, సభలో చేతులు పట్టుకుని ఊపినవాళ్ళందరూ ఉన్నారు. పిస్తోలుకు రొమ్మిచ్చిన మనిషిగా అతన్ని చూడ్డానికి వచ్చారు.

"లేదు" అన్నాడు చివరికి.

"ఎక్కడున్నావు?"

"పందుల దొడ్డి వెనక."

"ఏం చేస్తున్నావు?"

"పడుకున్నాను. బురదలో. బోర్లా." "టోపీ తీసి తలమీద కప్పుకున్నా. ఏమీ చూడలేదయ్యా. బండి పోయిందాకా చూడలేదు. పిస్తోలు సంగతి అబద్ధం. ఒంటికి పోసుకున్నా కూడా."

కోర్టు గొల్లున నవ్వింది. వాడి భార్య లేచి బయటికి వెళ్ళిపోయింది. జనం సద్దుమణిగాక సర్కారు వకీలు జడ్జి వైపు తిరిగాడు. చట్టం అడిగేది సాక్ష్యం చెప్పగల తెల్లవాడినేగానీ, అక్కడ పడి ఉన్న తెల్లవాడిని కాదన్నాడు. చూడనివాడు సాక్షి కాడు, అతను ఆ దొడ్డిలో ఉన్న పందులతో సమానం అన్నాడు. డోవర్ వకీలు బల్ల గుద్ది అరిచాడు. జడ్జి భోజనానికి లేచి, తిరిగొచ్చి, సాబ్రాను బోనెక్కించమన్నాడు.

ఆమె చెప్పింది. దవడ మళ్ళీ వాచి మాట ముద్దగా వస్తుంటే ప్రతి వాక్యమూ రెండుసార్లు చెప్పించారు. ఏ చెయ్యి, ఏ గుంజ, ఎన్ని దెబ్బలు, ఎవరు ఏమన్నారు, అన్నీ చెప్పింది. "వాడి వేళ్ళు ఏమయ్యాయి?" అని డోవర్ వకీలు వెటకారంగా అడిగితే, "మా పందులు తిన్నాయయ్యా, ఎలుగుబంటి కాదు" అంది. పన్నెండుమంది జూరీ లోపలికి వెళ్ళి, ఒక్క చుట్ట కాల్చేంతసేపట్లో బయటికొచ్చారు. దోషి.

థియో వింగేట్‌ను ఆ రోజునుంచి చచ్చేదాకా పందుల థియో అనే పిలిచారు. పలకల బేరం పోయింది. సాబ్రా మాత్రం అతనికే అమ్మింది. ఎవరైనా గిల్లితే, "పిస్తోలు ముందు ఎవడైనా నిలబడతాడు. పెళ్ళాం ముందు, ఊరి ముందు పందిననిపించుకోవడానికి నిలబడ్డవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను" అనేది. కానీ చిలగడదుంప మాత్రం మళ్ళీ పెట్టలేదు.

శిక్ష శనివారం మిట్టమధ్యాహ్నం. మెసిక్ చొక్కా విప్పి, స్తంభానికి కట్టి, ముప్ఫై తొమ్మిది కొరడా దెబ్బలు కొట్టారు. షెరీఫ్ బలమైనవాడు. కన్ను పోయినవాడు అతని బావమరిది. పదో దెబ్బకు తోలు లేచింది, ఇరవైకి వీపు మీద తోలు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. మెసిక్ మొదట బూతులు తిట్టాడు, తరవాత తల్లిని పిలిచాడు, తరవాత ఒట్టి చప్పుడు చేశాడు. పిమ్మట మెట్లెక్కించి, మెడా చేతులూ బొండకొయ్య కంతల్లో బిగించి, రెండు చెవులకూ మేకులు దిగ్గొట్టారు. గంటసేపు అలా ఉంచి, చెవి తమ్మెలు కోసి దించాలి. జనం కుళ్ళిన గుడ్లు, చచ్చిన ఎలుకలు విసిరి, కాసేపటికి విసుగెత్తి, సారాయి దుకాణానికి పోయారు.

సాబ్రా అప్పుడు ముందుకు వచ్చింది. పక్కన బావి నీళ్ళ బొక్కెన, సొరకాయ డొప్ప ఉన్నాయి. షెరీఫ్ చూసి మొహం తిప్పుకున్నాడు.

"లెవిన్ ఎక్కడ?" అంది.

మెసిక్ ఉమ్మాడు. ఉమ్మి రాలేదు, నోరు ఎండిపోయి ఉంది.

"లెవిన్ ఎక్కడ?"

"నీ అమ్మ కడుపులో ఉన్నాడు."

ఆమె డొప్పతో నీళ్ళు ముంచి, వాడి ముక్కుకు జానెడు దూరంలో పట్టుకుంది. నీళ్ళు అంచు మీదనుంచి చుక్క చుక్కగా కారాయి. మెసిక్ తల కదిలించబోయాడు, మేకులు పట్టి లాగాయి, కీచుగా అరిచాడు. ఆ మనిషి మీద ఆమెకు జాలి రాలేదు. తన చేతులతో ఇంకో రెండు మేకులు కొట్టమన్నా కొట్టి ఉండేది.

"చెప్పు. చెప్తే తాగిస్తా. ఏ ఊళ్ళో దింపావు? ఎవడికి అమ్మావు? ఊరి పేరు చెప్పు చాలు, నడుచుకుంటూ పోతా."

మెసిక్ ఆ డొప్పనే చూశాడు. తరవాత వాడి మొహంలోకి ఒక వంకర నవ్వు వచ్చింది. ఆ నీళ్ళకంటే ఆమెను ఏడిపించడమే ఎక్కువ దాహం తీరుస్తుందనుకున్నాడేమో.

"నడవలేవే. ఈత రావాలి. నీ మొగుడు సముద్రపు పాయలోకి దూకాడు. సంకెళ్ళతోనే. పడవ నది దాటి సముద్రపు పాయలోకి వచ్చిందో లేదో, ఆ రోజు నాతో వచ్చిన మావాడి మెడకు సంకెల చుట్టి, వాణ్ణి కూడా లాక్కుని దూకాడు. బుడగలు కూడా రాలేదు. ఇద్దరూ పోయారు. విన్నావా? చచ్చాడు. ఏడాదైంది చచ్చి. ఇప్పుడు ఏడువు!"

సాబ్రా ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది.

"అంటే అమ్మలేకపోయావా?" అంది.

"ఏంటి?"

"లెవిన్‌ను. ఎవడికీ అమ్మలేదా? సంతలో నిలబెట్టలేదా? పళ్ళు చూడనివ్వలేదా ఎవరికీ?"

"చచ్చాడంటే అర్థంకాదే నీకు? ఎలా అమ్ముతా? నాకు దమ్మిడీ రాలేదు వాడి మీద!"

ఆమె డొప్ప వాడి పెదాలకు ఆనించింది. ఇచ్చిన మాట మాటే. వాడు గటగటా తాగాడు, సగం గడ్డం మీదనుంచి కారిపోయింది. డొప్ప ఖాళీ అయ్యాక బొక్కెనలో పెట్టి, పక్కకు నిలబడింది. షెరీఫ్ కత్తి తీసుకుని మెట్లెక్కాడు. ఆమె రెండు చెవి తమ్మెలూ కోసేదాకా చూసింది. వాడు అరిచిన అరుపుకు చౌకులో పావురాలు లేచాయి.

పూటకూటింటి వంటగది గుమ్మంలో జిల్పా పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ ఎదురు చూస్తోంది. "ఏమన్నాడే? చెప్పాడా?"

"చెప్పాడు" అంది సాబ్రా. "లెవిన్ అమ్ముడుపోలేదు పెద్దమ్మా."

మళ్ళీ, "అమ్ముడుపోలేదు" అంది. గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడి, ఏడాదిగా బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారిగా ఏడ్చింది.